పిల్లలకు పరంపర వినిపించండి: పాటల పోటీల న్యాయనిర్ణేతలకు బహిరంగ లేఖ

తెలుగు టెలివిజన్ పాటల పోటీల్లో న్యాయనిర్ణేతలుగా వ్యవహరిస్తున్న గాయనీ గాయకులకు, సంగీత దర్శకులకు, గీత రచయితలకు,



పిల్లలు పాడుతున్నప్పుడు మీరెంత శ్రద్ధగా వింటారో గమనించే ప్రేక్షకుల్లో నేనొకడిని. చరణం చివర శ్రుతి కాస్త జారినా పట్టుకుంటారు. శకారానికీ షకారానికీ తేడా పోతే ఆపి మళ్లీ పలికిస్తారు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఎక్కడ బిగపట్టాలో పాడి చూపిస్తారు. సంగీతం మాస్టారు లేని ఊళ్లలోని పిల్లలకు అదే పాఠం. అందుకు ముందుగా కృతజ్ఞతలు. ఈ ఉత్తరం మాత్రం ఇంకో విషయం గురించి.

ఇటీవల ఒక పోటీలో ఒక చిన్నమ్మాయి పాట ముగించగానే, న్యాయనిర్ణేత ఒకరు ఆ పాటను మొదట పాడిన గాయకుడి పేరు తలచుకుని, అంత గొప్పవాడు ఇంతకు ముందు పుట్టలేదు, ఇకముందు పుట్టడు అన్నారు. చప్పట్లు మోగాయి. ఆయన భక్తిని నేను శంకించను. కానీ ఇలాంటి తీర్పులు చాలాకాలంగా వింటున్నవాడికి ఒక సంగతి కనిపిస్తుంది. చెప్పేవారికి 70 దాటి ఉంటే ఆ పేరు దాదాపుగా ఘంటసాల. 50 దాటి ఉంటే బాలు, లేదా ఇళయరాజా. 40కి అటూ ఇటూ ఉంటే రెహమాన్ లేదా కీరవాణి. పేరు వినగానే, చెప్పినవారు ఏ కాలంలో కాలేజీకి వెళ్లారో ఊహించవచ్చు. సంగీతం గురించి చెబుతున్నామనుకుంటూ మనం చాలావరకు మన యవ్వనం గురించే చెప్పుకుంటున్నాం.

ఈ అలవాటు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు వేర్వేరు వయసులవారికి వేర్వేరు కాలాల పాటలు వినిపించి, ఏది ఎంత నచ్చిందో అడిగి, 1989లో ఫలితాలు ప్రచురించారు. శ్రోతకు 23, 24 ఏళ్లున్నప్పుడు ప్రచారంలో ఉన్న పాటల మీద మక్కువ అన్నిటికన్నా ఎక్కువని తేలింది. 2013లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కరోల్ క్రుమ్‌హాన్సల్, ఆమెతో కలిసి జస్టిన్ జుప్నిక్ ఇంకో మెట్టు ఎక్కారు. 20 ఏళ్ల వయసున్న విద్యార్థులకు 1955 నుంచి 2009 వరకు పేరుపొందిన పాటల ముక్కలు వినిపించారు. తమ కాలపు పాటల దగ్గర వాళ్ల ఇష్టం పెరగడంలో వింత లేదు. కానీ తాము పుట్టకముందు వచ్చిన 1980ల తొలినాళ్ల పాటల దగ్గర, అంతకుముందరి 1960ల పాటల దగ్గర కూడా ఆ ఇష్టం పెరిగింది. మొదటివి వాళ్ల అమ్మానాన్నలు కుర్రవాళ్లుగా ఉన్నప్పటి పాటలు. రెండోవి అంతకు ముందు తరం ద్వారా ఇంట్లోకి వచ్చి ఉండవచ్చు.

ఈ రెండు ఫలితాలనూ కలిపి చదవాలని నా మనవి. ఏ సంవత్సరంలో పుడతామన్నది మన చేతిలో లేదు. చిన్నతనంలో మన చెవిలో ఏ పాట పడుతుందన్నది మాత్రం పెద్దల చేతిలో ఉంది. ఒకప్పుడు ఇంటికో రేడియో ఉండేది. తాతకు నచ్చిన పద్యం మనవడు, మనవరాలికి నచ్చిన పాట నాయనమ్మ, ఇష్టమున్నా లేకపోయినా వినేవారు. ఇప్పుడు ఎవరి ఫోన్ వారిది, ఎవరి ఇయర్‌ఫోన్లు వారివి. మూడు తరాలు ఒకే గదిలో కూర్చుని ఒకే పాట వినే సందర్భాలు చాలా తగ్గిపోయాయి. మిగిలిన కొద్దిపాటి సందర్భాల్లో మీ కార్యక్రమం ఒకటి. అందుకే మీరు తేలికగా అన్న మాట కూడా పిల్లల మనసులో శాశ్వతంగా ఉండిపోతుంది.

మన పాటల చరిత్రలో ఒక తరం తీర్పును మరో తరం ఎలా తిరగరాసిందో మీకు తెలియనిది కాదు. ఘంటసాల సినిమాల్లోకి వచ్చేనాటికి తెలుగు ఊళ్లలో గొప్ప గాయకుడంటే నాటకాల్లో పద్యం పాడేవాడే. అద్దంకి శ్రీరామమూర్తి పద్యం ఎత్తుకుంటే, ఈలపాట రఘురామయ్య నోట్లో వేలు పెట్టుకుని పద్యాన్ని ఈలగా పలికిస్తే, పందిరి కింద వన్స్ మోర్‌లు మోగేవి. హార్మోనియం తోడుగా రాగాన్ని ఎంత దూరం లాగగలిగితే అంత గొప్ప. అలాంటి చెవులకు ఘంటసాల పద్యం మొదట కురచగా వినిపించి ఉంటుంది. ఆయన ఆలాపన తగ్గించి, మాటను ముందుకు తెచ్చి, పాత్ర మనసులోని బాధనో కోపాన్నో రాగంలో పెట్టారు. కరుణశ్రీ పద్యాలను ఆయన రికార్డుగా ఇచ్చాక, పద్యం అంటే అలాగే ఉండాలని తర్వాతి తరం నమ్మింది. అంతకుముందరి కొలమానమే మారిపోయింది.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల వెళ్లిపోయారు. ఆ తర్వాత కొన్నేళ్లు తెలుగు శ్రోత ఎంత తికమకపడ్డాడో ఆ కాలం సినిమాలు చెబుతాయి. ఘంటసాల ఛాయలున్న గొంతుతో వి. రామకృష్ణ 1972లోనే 'విచిత్రబంధం'లో అక్కినేనికి పాడి మెప్పించారు. 'భక్త కన్నప్ప'లో ఆయన పాడిన శివుడి పాట గుళ్లలో మైకులెక్కింది. 1977లో వచ్చిన 'దానవీరశూరకర్ణ'లో పద్యాలు రామకృష్ణవి, యుగళగీతం బాలుది. పాత గొంతు పోలిక కావాలని ఒక సగం, కొత్త గొంతు కావాలని ఒక సగం కోరుకున్న శ్రోతల మనసు ఆ ఒక్క సినిమాలోనే కనబడుతుంది. రామకృష్ణ తక్కువ గాయకుడు కాడు. కానీ ఆయన్ని ఎప్పుడూ వెనకటి మనిషితో పోల్చే విన్నారు. ఆయనకంటూ ఒక పీట వేయడానికి మన వాదంలో చోటే లేకపోయింది. అందరికన్నా గొప్ప ఎవరన్న ప్రశ్న ఒక్క ఆసనమే వేస్తుంది. మిగతావాళ్లు నిలబడే ఉండాలి.

1980లో 'శంకరాభరణం' వచ్చింది. శాస్త్రీయ సంగీతం క్రమపద్ధతిలో అభ్యసించని బాలు ఆ పాటలకు జాతీయ అవార్డు అందుకున్నారు. కె.వి. మహదేవన్‌కు, వాణీ జయరాంకు కూడా అదే సినిమాకు జాతీయ అవార్డులు వచ్చాయి. కచేరీ హాలు గడప తొక్కని ఇళ్లలో కర్ణాటక సంగీతం పేరుతో మొదట వినబడిన గొంతు బాలుదే. ఆ తరంవారు బాలును శిఖరమంటే అందులో అతిశయోక్తి నాకు కనబడదు. అదే కాలంలో కచేరీల్లో నిజంగా పాడుతున్న నేదునూరి కృష్ణమూర్తి, ఓలేటి వెంకటేశ్వర్లు పేర్లు ఆ ఇళ్లకు ఎందుకు చేరలేదని మాత్రం అడగాలి. వాళ్ల విద్యలో లోపం లేదు. సినిమాకున్న తెర వాళ్లకు లేదు.

గొప్పవారెవరో నిర్ణయించడంలో తెరలు, రేకులు, రేడియోలు ఎంత పని చేశాయో చెప్పడానికి అన్నమయ్యను మించిన సాక్షి లేడు. 1408లో పుట్టి 1503లో పోయిన ఆ మహానుభావుడి వేల సంకీర్తనలు రాగి రేకులకెక్కి తిరుమల కొండ మీద ఒక అరలో శతాబ్దాలపాటు ఉండిపోయాయి. 1922 ప్రాంతంలో అవి పండితుల చేతికి వచ్చాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు వాటిని పరిష్కరించి వెలుగులోకి తెచ్చారు. రేకుల మీద రాగం పేర్లున్నాయి, స్వరం లేదు. రాళ్లపల్లి, నేదునూరి, బాలమురళీకృష్ణ, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వాటికి వరసలు కట్టారు. ఆ తర్వాతే ఆయన పాట పెళ్లిళ్లలోకి, పూజ గదుల్లోకి వచ్చింది. 19వ శతాబ్దపు రసికుణ్ని తెలుగు వాగ్గేయకారుల్లో గొప్పవారెవరని అడిగితే త్యాగరాజు, క్షేత్రయ్య, రామదాసు పేర్లు వచ్చేవి. అన్నమయ్య ఆ వరసలో ఉండటం కష్టం. ఆయన విద్య మారలేదు, మన చెవికి దారి ఏర్పడింది, అంతే.

ఆధునిక కాలంలోనూ దారులే నిర్ణయించాయి. గ్రామఫోన్ రేకు ఒక్కో పక్క మూడున్నర నిమిషాలు మించి పట్టేది కాదు. ఆ కొలతలో ఇమిడే పాట నిలిచింది, నాలుగు గంటల కచేరీ గాలిలో కలిసింది. 1952లో కేంద్ర మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెడితే, శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. 1957లో వివిధభారతి పుట్టడానికి అదొక కారణం. మరోపక్క 1948లో మొదలైన విజయవాడ కేంద్రం సినిమాకు బయట ఒక లోకాన్ని నిలబెట్టింది. బాలమురళి భక్తిరంజని, బాలాంత్రపు రజనీకాంతరావు గేయాలు అక్కడివే. ఉదయం రేడియో పెట్టిన కోస్తా ఇళ్లలో పెరిగినవారికి గొప్ప సంగీతకారుల జాబితా ఒకలా ఉంటుంది. 1980లలో క్యాసెట్ల దుకాణం దగ్గర నిలబడి పెరిగినవారికి మరోలా ఉంటుంది. యాప్ అందించిన వరసలో వింటూ పెరుగుతున్నవారికి ఇంకోలా ఉండబోతోంది.

ఈ దారుల్లో పడనివారు ఎవరో కూడా చూడండి. మీ వేదిక మీద అందరికన్నా గొప్ప అన్న మాట స్త్రీ పేరుతో ఎన్నిసార్లు కలిసిందో గుర్తు చేసుకోండి. జాతీయ ఉత్తమ నేపథ్య గాయని అవార్డు మొట్టమొదట అందుకున్నది విజయనగరంలో పుట్టిన పి. సుశీల. గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన ఎస్. జానకి 2013లో పద్మభూషణ్ ఆలస్యంగా వచ్చిందంటూ తిరస్కరించారు. వాళ్లను మీరంతా గౌరవిస్తారు, పాదాలకు నమస్కరిస్తారు. కానీ కొలిచే సమయం వచ్చేసరికి కొలబద్ద మగ గొంతే అవుతుంది. కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్‌ను రాజ్‌కుమార్ గొంతుగా కన్నడిగులు గుండెల్లో పెట్టుకున్నారు. మన పిల్లలకు ఆయన పేరు చెప్పేవారు తక్కువ. పన్నెండు మెట్ల కిన్నెర మోగించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు ఆయన గొంతు ఎక్కువమంది చెవిన పడింది ఒక పెద్ద హీరో సినిమా పాటతోనే. అంతవరకు ఆ కిన్నెర లేదా? ఉంది. మనకు వినిపించేవారు లేరు.

ఇక పరంపర మాటకొస్తాను. నేను మిమ్మల్ని అడగబోయేదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఈ రోజు మీ వేదిక మీద కుర్రాళ్లు తమన్ పాటకు ఎగిరి గంతేస్తారు. తమన్ డ్రమ్స్ వాయిస్తూ ఎదిగి మణిశర్మ దగ్గర పనిచేశారు. మణిశర్మ అంతకుముందు కీరవాణికీ, రాజ్-కోటిలకూ కీబోర్డ్ వాయించారు. రాజ్ తండ్రి టి.వి. రాజు, కోటి తండ్రి సాలూరి రాజేశ్వరరావు. ఆ కొడుకులిద్దరూ చక్రవర్తి దగ్గర పని నేర్చారు. కీరవాణి కూడా చక్రవర్తి శిష్యుడే. 1992లో 'రోజా'తో దేశాన్ని తనవైపు తిప్పుకున్న రెహమాన్, దానికి ముందు ఇళయరాజా బృందంలోనూ రాజ్-కోటిల బృందంలోనూ కీబోర్డ్ వాయించారు. ఇళయరాజా జి.కె. వెంకటేశ్‌కు సహాయకుడు. ఇంకా వెనక్కి వెళ్తే, ఎం.ఎస్. విశ్వనాథన్, టి.కె. రామమూర్తి ఇద్దరూ 'దేవదాసు' స్వరకర్త సి.ఆర్. సుబ్బరామన్ దగ్గర పనిచేసినవారు. తమన్ తాత ఘంటసాల బలరామయ్య తీసిన సినిమాలోనే కుర్రవాడైన ఘంటసాల వెంకటేశ్వరరావు సినిమా లోకంలో తొలి అడుగులు వేశారు.

చూశారా, ఇప్పటి పాట తీగ లాగితే 1940లు కదులుతున్నాయి. ఇందులో ఎవరిని విడదీసి ఒక్కడే గొప్ప అనగలం? సాలూరి లేకుండా కోటి లేరు. రాజ్-కోటిల బృందంలో కీబోర్డ్ మోగించిన యువకుడి మాట లేకుండా రెహమాన్ చరిత్ర పూర్తి కాదు. శాస్త్రీయంలోనూ అంతే. కర్నూలులో వైద్యుడిగా పనిచేసిన శ్రీపాద పినాకపాణి దగ్గరే నేదునూరి, ఓలేటి, నూకల చినసత్యనారాయణ సానబెట్టుకున్నారు. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామి నాయుడు వేసిన బాటలోనే ఘంటసాల, సుశీల చదువుకున్నారు. ఇంటింటా మధూకరం ఎత్తుకుని తింటూ పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర నేర్చిన కుర్రవాడే ఘంటసాల. ప్రభావం ఎప్పుడూ ఒకే ఇంటి నుంచి రాదు కూడా. 2023లో ఆస్కార్ వేదిక మీద కీరవాణి తాను కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పుకున్నారు. కొవ్వూరు మూలాలున్న స్వరకర్త చెవిలో అమెరికా జంట పాట ఉందన్నమాట. ఆ మాట విని మన పిల్లల్లో ఎంతమంది ఆ అన్నాచెల్లెళ్ల పాట వెతికి విన్నారో, వారికి కీరవాణి ఇంకాస్త బాగా అర్థమై ఉంటారు.

పరంపర చెరిగిపోతే తప్పుడు లెక్కలు పుడతాయి. 'మాయాబజార్' (1957) సంగీతం ఘంటసాలదని టైటిల్స్‌లో చదువుతాం. అందులో నాలుగు పాటల వరసలు సాలూరి రాజేశ్వరరావు కట్టి వెళ్లిపోయినవని, ఘంటసాల వాటిని వాద్యాలతో తీర్చి మిగతా సంగీతం పూర్తిచేశారని సినీ చరిత్రకారులు చెబుతారు. ఆ సంగతి తెలిస్తే ఘంటసాల తగ్గిపోరు. ఇంకొకరి వరసను అంత నిండుగా నిలబెట్టిన సంస్కారం కనబడుతుంది. సాలూరి కూడా తన చోటులోకి వస్తారు.

అయితే అందరూ సమానమేనా, మంచి చెడ్డలు లేవా అని మీరడగవచ్చు. ఉన్నాయి, ఖచ్చితంగా ఉన్నాయి. సంగీతంలో తేడాలు వినబడతాయి, వాటిని చూపించి వాదించవచ్చు కూడా. ఘంటసాల పద్యంలో సమాసం ఎంత పొడుగున్నా అర్థం విరగని చోటే ఊపిరి తీసుకుంటారు. బాలు నాలుగు భాషల్లో ఆరు జాతీయ అవార్డులు తెచ్చుకున్నారంటే, ఆ ఊళ్లో పుట్టినవాడిలా ఆ భాషను పలకడం అందుకు ఒక కారణం. సుశీల గొంతు పై స్థాయికి వెళ్లినా మాట స్పష్టత తగ్గదు. బాలమురళి నాలుగు స్వరాలతోనే మహతి రాగాన్ని నిలబెడితే అది రాగమెలా అవుతుందని పెద్దలు కొందరు వాదానికి దిగారు. ఆ రాగంలో ఎం.ఎస్. విశ్వనాథన్ 1975లో సినిమా పాట కట్టారు, ఏసుదాస్ పాడారు, జనం పాడుకున్నారు. ఇలాంటి మాటలు చెబితే పిల్లలకు వినే పద్ధతి అలవడుతుంది. ఇంత గొప్పవాడు ఇక పుట్టడని చెబితే తలవంచడం ఒక్కటే అలవడుతుంది. పైగా మీ ముందు నిలబడిన పిల్ల పాడటానికి వచ్చింది. గొప్పతనం అంతా అయిపోయిందని ఆ పిల్లకే చెప్పడం న్యాయమేనా?

మీకు దారి చూపినవారు మీ రంగంలోనే ఉన్నారు. 1960ల మొదట్లో గూడూరులో ఒక పోటీలో పాడిన కుర్రవాడిని విని, సినిమాల్లో పాడటానికి ప్రయత్నించమని ఎస్. జానకి ప్రోత్సహించారు. మద్రాసులో మరో పోటీలో ఎస్.పి. కోదండపాణి చెవిన పడ్డాడు. 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'లో ఆయనే తొలి పాట ఇచ్చారు. అలా పోటీ వేదిక మీదే దొరికిన ఆ కుర్రవాడే బాలు. తర్వాత తన రికార్డింగ్ థియేటర్‌కు కోదండపాణి పేరు పెట్టుకున్నారు. 1996లో 'పాడుతా తీయగా' మొదలుపెట్టాక, పాట ఎవరు రాశారు, ఎవరు వరస కట్టారు, ఎవరు వాయించారు అన్నది చెప్పకుండా బాలు ముందుకు వెళ్లేవారు కారు. తనను పొగిడితే ఘంటసాల పేరు తెచ్చేవారు. ఘంటసాల గురించి చెబితే పాట రాసిన పింగళి పేరో, సముద్రాల పేరో జోడించేవారు. న్యాయనిర్ణేత కుర్చీలో కూర్చున్నవాడికి మార్కులు వేసే పని ఒకటైతే, వెనకటివారిని ముందుతరానికి అప్పగించే పని రెండోది. ఆ రెండో పనిని బాలు ఎన్నడూ వదల్లేదు.

అందుకే మీ ముందు కొన్ని విన్నపాలు పెడుతున్నాను. ఏదీ ఖర్చుతో కూడింది కాదు.

మొదటిది, ప్రతి పాటకు ముందు సినిమా పేరు, హీరో పేరుతో సరిపెట్టకండి. రాసినవారు, వరస కట్టినవారు, మొదట పాడినవారు, వచ్చిన సంవత్సరం తెర మీద చూపించమని నిర్మాతల దగ్గర పట్టుబట్టండి. ఆ నాలుగు వివరాలూ పాడే పిల్లలచేతే చెప్పించండి. వెతకడం మొదలుపెడితే వినడం దానంతట అదే వస్తుంది.

రెండోది, ఎవరినైనా మెచ్చుకున్నప్పుడు ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎవరికి నేర్పారో ఒక్క మాట చెప్పండి. రెండు వాక్యాలు చాలు. ఒక్క సీజన్‌లో ఎన్ని ఎపిసోడ్లు ఉంటాయో అన్ని పరంపరలు పిల్లలకు అందుతాయి.

మూడోది, 1975కు ముందు పాటలను ఏడాదికోసారి వేషాలు వేయించి జరిపే ఒక్క రౌండ్‌కు పరిమితం చేయకండి. ప్రతి పిల్లా ప్రతి సీజన్‌లో అమ్మానాన్నల కాలం పాట ఒకటి, తాతయ్య నాయనమ్మల కాలం పాట ఒకటి తప్పనిసరిగా నేర్చుకునే నియమం పెట్టండి. పద్యం, లలిత గీతం, అన్నమయ్య, జానపదం కూడా వేదికెక్కాలి. వింజమూరి సీత, అనసూయ సోదరీమణులు జానపదాన్ని రేడియోకు, రికార్డుకు ఎక్కించిన కథ మన పిల్లలకు తెలియాలి.

నాలుగోది, అనుకరణకు మార్కులు వేయకండి. బాలు నవ్వు, బాలు విరుపు అచ్చంగా దింపిన పిల్లవాడికి చప్పట్లు ఎక్కువ పడతాయని మీకూ తెలుసు. ఘంటసాలను అంతగా ఆరాధించిన బాలు ఆయనలా పాడబోలేదు కనుకే బాలు అయ్యారు. ఒకే పాటను ముగ్గురు పాడిన తీరు వినిపించి, నువ్వెలా పాడతావని అడగండి.

ఐదోది, మీ అభిమాన గాయకుడి పేరు హాయిగా చెప్పండి, దాచుకోవద్దు. ఆ పేరుతో పాటు మీకెందుకు ఇష్టమో, ఏ పాటలో ఏ చోట విని మనసు పోయిందో చూపించండి. అది మీ ఇష్టమని, అది మీ వయసులో ఏర్పడిందని చెప్పండి. మీకన్నా చిన్నవారు మరో పేరు చెబితే, ఆ పాట వినిపించమని అడిగి ఓపికగా వినండి. ప్రభావం పైనుంచి కిందికే పారాలన్న నియమం లేదు.

తెలుగు రాష్ట్రాల్లోనూ, బయటి దేశాల తెలుగు ఇళ్లలోనూ మీ కార్యక్రమం చూసి పాట నేర్చుకుంటున్న పిల్లలు ఎందరో ఉన్నారు. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పెరుగుతున్న అమ్మాయికి రేడియో భక్తిరంజని తెలియదు, పందిరి కింద పద్యం తెలియదు. ఆమెకు తెలుగు సంగీత చరిత్ర అంటే మీరు చెప్పిందే. 20 ఏళ్ల తర్వాత ఆమె తన పిల్లలకు గొప్పవారి పేర్లు చెప్పేటప్పుడు, అందులో ఒక్క పేరుంటుందా, ఒక వంశవృక్షం ఉంటుందా అన్నది ఈ రోజు మీ నోటి మాట నిర్ణయిస్తుంది.

వచ్చే సీజన్ మొదటి ఎపిసోడ్ నుంచే ఈ పని మొదలుపెట్టండి. గొప్పవాడెవరో తేల్చే పని పిల్లలకు వదిలేయండి. అందుకు కావలసిన పాటలన్నీ వాళ్లకు వినిపించే పని మీరు తీసుకోండి.


మీ కార్యక్రమాలు క్రమం తప్పకుండా వినే ఒక శ్రోత